విత్తనంలో ఉన్నది పాపమా?

మనిషికి నలభై దాటింది. చేతిలోని కాఫీ గ్లాసు ఎందుకు జారిపోతోందో అతనికే తెలియదు. నడుస్తుంటే వేళ్లు వాటి పాటికి అవి హార్మోనియం మెట్లు నొక్కుతున్నట్టు ఆడుతుంటాయి. నాలుక బయటపెట్టి పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచమని డాక్టరు అంటే ఉంచలేడు, నాలుగంకెలు దాటకముందే అది లోపలికి పోతుంది. తన రెండు వేళ్లు గట్టిగా పట్టుకోమంటే పట్టు ఒక క్షణం బిగిసి, మరుక్షణం సడలి, మళ్లీ బిగుస్తుంది. పొదుగు దగ్గర కూర్చున్నవాడి చెయ్యి కదిలినట్టే కదులుతుంది కాబట్టి వైద్యులు దానికి పాలు పితికేవారి పట్టు అని పేరు పెట్టారు. గది బయట బెంచీ మీద కూర్చున్న ముసలి మేనత్తకు ఈ పేర్లేవీ అక్కర్లేదు. "మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. మా నాన్నకీ ఇంతే" అంటుంది. ఆ పక్కనే ఉన్నవాళ్లలో ఎవరో ఒకరి నోట, ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేని మాట వస్తుంది: "ఏ జన్మలో చేసుకున్న పాపమో!" ఆ మాటలో జాలి లేదనను. కానీ జాలితో పాటు ఒక తీర్పు కూడా ఉంది. ఆ తీర్పు చెప్పే హక్కు ఎవరికి ఉందన్నది నా ప్రశ్న. మన సంప్రదాయమే ఆ హక్కును బెంచీ మీద కూర్చున్నవారికి ఇవ్వలేదని నేననుకుంటున్నాను.

వయసు వచ్చాక బయటపడి, వంశంలో దిగివచ్చే కదలికల జబ్బులు ఒకటి రెండు కావు. మనం వణుకుడు రోగం అనే పార్కిన్సన్స్ చాలామందిలో వంశపారంపర్యం కాదు, కొన్ని కుటుంబాల్లో మాత్రం అవుతుంది. చేతులు వణికి, మెల్లగా నడక తూలిపోయే ఎస్‌సీఏ 12 అనే జబ్బును మన దేశంలో ఉత్తరాదిన, ముఖ్యంగా అగర్వాల్ కుటుంబాల్లో వైద్యులు గుర్తించారు. వీటన్నిటిలోకి లెక్క నిక్కచ్చిగా తెలిసినది హంటింగ్టన్ వ్యాధి కాబట్టి దాన్నే పట్టుకుంటాను. జార్జి హంటింగ్టన్ అనే ఇరవై రెండేళ్ల అమెరికన్ డాక్టరు 1872లో దీని మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. తండ్రీ తాతా కూడా న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలండ్‌లో అవే కుటుంబాలకు వైద్యం చేసినవాళ్లు. మూడు తరాల రోగులను మూడు తరాల వైద్యులు చూశారన్నమాట. అందుకే ఒకడి అనుభవంలో పట్టుబడని విషయం అతనికి పట్టుబడింది. తల్లికో తండ్రికో ఉంటేనే పిల్లలకు వస్తుంది, ఒక బిడ్డ తప్పించుకుంటే ఆ బిడ్డ సంతానానికి ఇక రాదు, దారం అక్కడితో తెగిపోతుంది అని అతను గమనించాడు. తరం వదిలి తరంలో వచ్చే జబ్బు కాదని కూడా రాశాడు. మెండెల్ సూత్రాలను లోకం అప్పటికింకా పట్టించుకోలేదు.

అసలు కారణం తెలియడానికి మరో 121 ఏళ్లు పట్టింది. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున, నీళ్లలో పాతిన గుంజల మీద ఇళ్లు కట్టుకున్న జాలరి పల్లెల్లో ఈ జబ్బు లోకంలో మరెక్కడా లేనంత ఎక్కువ. అక్కడివాళ్లు దాన్ని 'ఎల్ మాల్' అంటారు, చెడుపు అని అర్థం. 1950లలో అమెరికో నెగ్రెట్ అనే వైద్యుడు దాన్ని గుర్తుపట్టాడు. 1979 నుంచి నాన్సీ వెక్స్లర్ అనే పరిశోధకురాలి బృందం ఏటేటా వెళ్లి పద్దెనిమిది వేల మందికి పైగా మనుషులతో పది తరాల వంశవృక్షం గీసింది. ఆ రక్త నమూనాల సాయంతో 1983లో జబ్బు నాలుగో క్రోమోజోము మీద ఉందని తేలింది. 1993లో జన్యువే దొరికింది. అందులో సీ, ఏ, జీ అనే మూడక్షరాల ముక్క వరసగా ఎన్నిసార్లు వస్తుందన్నదే సంగతంతా. 26 సార్లు, అంతకు తక్కువైతే ఇబ్బంది లేదు. 27 నుంచి 35 వరకు ఆ మనిషికి జబ్బు రాదు గాని, పిల్లల దగ్గరకు వచ్చేసరికి సంఖ్య పెరిగే అవకాశం ఉంది. 36 నుంచి 39 వరకు రావచ్చు, రాకపోవచ్చు. 40, అంతకు మించితే, మామూలు ఆయుర్దాయం ఉన్న మనిషికి జబ్బు తప్పదు. ఒకే పదాన్ని పదే పదే రాసిన లేఖకుడి పొరపాటు లాంటిదిది. తాళపత్రం నకలు రాసేటప్పుడు కునుకు పట్టి ఒక పాదం రెండుసార్లు రాసినట్టు.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యువు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. బొమ్మా బొరుసా. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. ముందు పుట్టినవాడికి వచ్చిందని తర్వాతివాడి వంతు తగ్గదు, నాణేనికి జ్ఞాపకం ఉండదు. ఈ లెక్కలో మంచివాడికి రాయితీ లేదు, చెడ్డవాడికి జరిమానా లేదు. మరకైబోలో తల్లీ తండ్రీ ఇద్దరికీ జబ్బు ఉండి, రెండు వైపుల నుంచీ చెడ్డ ప్రతే అందుకున్న మనుషులను కూడా చూశారు. ఒక ప్రతి వచ్చినవారికీ రెండూ వచ్చినవారికీ జబ్బులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 1987లో వెక్స్లర్, ఆమె సహచరులు ప్రకటించారు. పాపం రెట్టింపైతే శిక్ష రెట్టింపవ్వాలనే లెక్కకు ఇక్కడ చోటు లేదు. పైగా లక్షణాలు ఎక్కువగా ముప్పై, యాభై ఏళ్ల మధ్య బయటపడతాయి. అప్పటికి పెళ్లై, పిల్లలు పుట్టి, వాళ్లు బడికి పోతుంటారు. తాను ఏమి మోస్తున్నదీ తెలియకుండానే ఆ మనిషి దాన్ని అందించేసి ఉంటాడు. తెలియక చేసిన పనిలో పాపం ఎంత అన్నది ధర్మశాస్త్రాలకే పెద్ద చర్చ. పసితనంలో పురుగును పుల్లతో గుచ్చినందుకు కొరత శిక్ష అనుభవించిన మాండవ్యుడు యముణ్ణే నిలదీసి శపించాడని భారతం చెబుతుంది. ఊహ తెలియని వయసులో చేసినదానికి అంత శిక్షా అన్నదే ఆయన వాదం.

ఇంకో దారుణం ఉంది. ఈ జబ్బు మొదట్లో జబ్బులా కనబడదు, చెడు నడతలా కనబడుతుంది. మనిషికి కోపం పెరుగుతుంది, మాట తొందరపడుతుంది, డబ్బు లెక్క తప్పుతుంది, నడక తూలుతుంది. నాన్సీ వెక్స్లర్ తల్లి లియోనోర్ 1968లో లాస్ ఏంజెలిస్‌లో పొద్దున్నే వీధి దాటుతుంటే, అప్పుడే తాగి వచ్చావా అని పోలీసు గద్దించాడు. ఆ తర్వాతే ఆమె వైద్యుడి దగ్గరకు వెళ్లింది. జానపద గాయకుడు ఉడీ గత్రీని ఎన్నో ఏళ్లు తాగుబోతు అనే అనుకున్నారు. 1967లో అతను పోయేనాటికి జబ్బు పేరు తెలుసు, దాని జన్యువు మాత్రం ఎవరికీ తెలియదు. అతని తల్లిని పిచ్చాసుపత్రిలో పెట్టినప్పుడు ఊరు ఏమనుకుందో ఊహించుకోవచ్చు. కాబట్టి హంటింగ్టన్ కుటుంబాలు తీర్పును రెండుసార్లు మోస్తాయి. బతికుండగా వ్యసనపరుడనే పేరు, ఆ తర్వాత వంశానికి శాపమనే పేరు.

ఈ అలవాటు మనకే ప్రత్యేకమని అనుకోనక్కర్లేదు. యూరపులో ఇలాంటి కదలికల జబ్బులన్నిటినీ సెయింట్ వైటస్ నాట్యం అనేవారు, ఆ పుణ్యపురుషుడు కోపగిస్తే వస్తుందనీ మొక్కుకుంటే పోతుందనీ నమ్మేవారు. 1932లో పెర్సీ వెస్సీ అనే అమెరికన్ మనోవైద్యుడు, పదిహేడో శతాబ్దంలో మంత్రగత్తెలని నింద మోసిన వారిలో కొందరు ఈ జబ్బు ఉన్న వంశాలవారేనని ఒక కథ అల్లాడు. వైద్య పుస్తకాలు దాన్ని కొన్ని దశాబ్దాల పాటు నిజమని ఎత్తిరాసుకున్నాయి. వంశావళులను మళ్లీ తవ్వి చూస్తే కథ నిలవలేదు. బైబిలులో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల మీదికి వస్తుందని నిర్గమకాండంలో ఉంది. తండ్రి పాపం కొడుకు మోయడని యెహెజ్కేలు గ్రంథంలోనూ ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతను పాపం చేశాడా, ఇతని కన్నవారా అని శిష్యులు అడిగితే, ఎవరూ కాదని యేసు చెప్పినట్టు యోహాను సువార్త రాసింది. ఒకే గ్రంథంలో రెండు గొంతులూ ఉన్నాయి. మన సంప్రదాయంలోనూ అంతే. ఏ పాపం చేస్తే మరుజన్మలో ఏ రోగం వస్తుందో మనుస్మృతి పదకొండో అధ్యాయం జాబితా ఇస్తుంది: బంగారం దొంగిలించినవాడికి గోళ్ల జబ్బు, కల్లు తాగినవాడికి నల్ల పళ్లు. జాతకం చూసి పితృదోషమనీ సర్పదోషమనీ చెప్పేవారు ఆ గొంతునే వింటున్నారు. రెండో గొంతును మనం దాదాపు మరిచిపోయాం.

ఆ రెండో గొంతు మన వైద్య గ్రంథాల్లోనే ఉంది. సుశ్రుతుడు రోగాలను ఏడు రకాలుగా విడదీశాడు. శుక్ర శోణితాల దోషం వల్ల తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చేవాటిని ఆదిబల ప్రవృత్తాలన్నాడు. దేవతల ఆగ్రహం, శాపం, అభిచారం వల్ల వస్తాయని నమ్మిన వాటిని దైవబల ప్రవృత్తాలని వేరే గూటిలో పెట్టాడు. ఒక్కసారి ఆగి చూడవలసిన సంగతి ఇది. శాపాన్ని నమ్మినవాడే, విత్తనంలో వచ్చినదాన్ని శాపంతో కలపలేదు. చరకుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. గుడ్డివారి బిడ్డ గుడ్డిగానే ఎందుకు పుట్టడని ప్రశ్న వేసుకుని, ఇంద్రియాల విషయంలో దైవాన్ని ఒక కారణంగా ఒప్పుకుంటూనే, బీజంలో ఏ భాగం చెడితే ఆ అవయవమే చెడుతుందని, చెడకపోతే లేదని, కాబట్టి రెండూ జరగవచ్చని చెప్పాడు. రెండూ జరగవచ్చు అన్నచోట నాకు బొమ్మా బొరుసా లెక్క వినిపిస్తుంది. ఇది ఆధునిక జన్యుశాస్త్రాన్ని మనవాళ్లు ముందే కనిపెట్టారనే గొప్ప కోసం చెప్పడం లేదు. వాళ్లకు జన్యువు తెలియదు. వైద్యానికి లొంగని కొన్ని రోగాలు కర్మజాలని కూడా చరకుడు అన్నాడు. కానీ అన్నిటికీ ఒకే జవాబు అంటించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మేనా అని అడిగినప్పుడు బుద్ధుడు చెప్పింది కూడా ఇదే. పిత్తం, కఫం, వాతం, అవి మూడూ కలవడం, రుతువు మారడం, అజాగ్రత్త, దెబ్బ తగలడం, చివరగా కర్మ అని ఎనిమిది కారణాలు చెప్పి, అంతా పూర్వకర్మే అనేవారు ఎదుట కనిపించే సత్యాన్ని దాటిపోతున్నారని ఆయన తేల్చాడు.

కర్మ సిద్ధాంతం బాగా తెలిసినవారు ఇక్కడ ఆపుతారు. నాణెం ఎగరేసినట్టు కనబడేది మీ కంటికి మాత్రమే, ఏ జీవుడు ఏ గర్భంలో పడాలో నిర్ణయించేదే కర్మ, జన్యువు కర్మ చేతిలోని పనిముట్టు అంటారు. ఈ వాదనలో తర్కదోషం లేదు. దీన్ని ఏ ప్రయోగశాలా కాదని నిరూపించలేదు. నా ఇబ్బంది వేరే. జబ్బు వచ్చిన అన్నకూ రాని తమ్ముడికీ ఒకే జవాబు సరిపోతే, ఆ జవాబు వాళ్లిద్దరి మధ్య తేడాను వివరించలేదన్నమాట. ఉన్నదాన్ని చూశాక దానికి కర్మ అని పేరు పెట్టింది, అంతే. ఫలానా పాపమని చెప్పగలిగితే ప్రాయశ్చిత్తం ఉంటుంది, తెలియని జన్మలోని తెలియని పాపానికి నింద తప్ప మరేమీ మిగలదు. ఆ నింద మాత్రం ఫలానా ఇంటి మీద, ఫలానా పేరున్న మనిషి మీద కచ్చితంగా వచ్చి వాలుతుంది. సాక్ష్యం కనిపించదు, శిక్ష మాత్రం కనిపిస్తుంది. అలాంటి కోర్టును మనం మరే విషయంలోనూ ఒప్పుకోం.

అలాగని కర్మ భావనను పారేయమని నేననడం లేదు. భారతంలో ఆనుశాసనిక పర్వం మొదట్లో గౌతమి అనే వృద్ధురాలి కథ ఉంది. ఆమె కొడుకును పాము కరిచి చంపింది. అర్జునకుడనే బోయ పామును పట్టి తెచ్చి, ఎలా చంపమంటావని ఆమెనే అడిగాడు. పాము, నన్ను మృత్యువు పంపింది అంటుంది. మృత్యువు వచ్చి, నన్ను కాలుడు పంపాడు అంటుంది. కాలుడు వచ్చి, బిడ్డ కర్మే కారణం అంటాడు. చివరికి గౌతమి, ఇందులో నా కర్మ కూడా ఉంది అని తానే అనుకుని, పామును విడిచిపెట్టమంటుంది. ఇక్కడ కర్మ అనే మాటను ఒప్పుకుని ముగింపు పలికింది ఎవరో చూడండి. కొడుకును పోగొట్టుకున్న తల్లి. దానితో ఆమె ఏం చేసింది? ఒక ప్రాణాన్ని వదిలేసింది. ఊళ్లోవాళ్లు ఆమె గుమ్మం ముందు నిలబడి, నీ కర్మ అని చెప్పి వెళ్లలేదు. కష్టం పడినవాడు తనంతట తాను అనుకుంటే కర్మ ఒక ఊరట, బయటివాడు అంటే అదే మాట ముల్లు. నేను చేయగలిగింది ఏముందని వెతుక్కోవడానికి పుట్టిన ఆలోచన, ఎదుటివాడు ఏం చేసి ఉంటాడోనని వెతకడానికి దిగితే తన పని మానుకున్నట్టే.

రెండో అభ్యంతరం విజ్ఞానం వైపు నుంచి వస్తుంది. ముక్కల సంఖ్య నలభైకి చేరితే తప్పదంటున్నారు కదా, మరి ఇది తలరాత కాక ఏమిటి, బ్రహ్మ రాసినదాన్ని ఇప్పుడు ప్రయోగశాల చదువుతోంది, అంతే కదా? ఈ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాటేయడం మోసం. కానీ ఆ రాతలో ఏముందో జాగ్రత్తగా చదవాలి. ముక్కల సంఖ్య ఎక్కువైతే జబ్బు త్వరగా వస్తుంది. అయినా ఒకే సంఖ్య ఉన్న ఇద్దరిలో ఒకరికి ముప్పై ఎనిమిదికి, మరొకరికి యాభైకి రావచ్చు. వయసులో కనిపించే తేడాలో సగానికి కొంత పైగా మాత్రమే ఆ సంఖ్య జవాబుదారీ, మిగతాది డీఎన్‌ఏను మరమ్మతు చేసే ఇతర జన్యువుల మీద, ఇంకా పూర్తిగా పట్టుబడని పరిస్థితుల మీద ఆధారపడుతుంది. తండ్రి నుంచి వస్తే సంఖ్య పెరిగే అవకాశం ఎక్కువ కాబట్టి కొన్ని ఇళ్లలో కొడుక్కి తండ్రి కంటే చిన్న వయసులోనే మొదలవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాతలో జబ్బు సంగతి ఉంది గాని ఆ మనిషి తన ఇరవై ఆరో ఏట ఎవరికి నిజం చెబుతాడు, ఎవరికి దాస్తాడు అన్నది లేదు. అది రాత కాదు, కర్మ. చేసే పని అన్న మొదటి అర్థంలో కర్మ.

మరి ఆ వంశంలో ఎవరూ పిల్లల్ని కనకపోతే ఒక తరంలో జబ్బే పోతుంది కదా అనేవారూ ఉంటారు. 1916లో చార్లెస్ డావెన్‌పోర్ట్ అమెరికాలో ఈ కుటుంబాలను లెక్కగట్టి ఇలాంటి మాటలే అన్నాడు. 1933 జులైలో హిట్లరు ప్రభుత్వం చేసిన నిర్బంధ వంధ్యీకరణ చట్టంలో హంటింగ్టన్ పేరు రాసి మరీ ఉంది. ఆ దారి ఎక్కడికి పోయిందో చరిత్ర చెప్పింది. అంతెందుకు, 27 నుంచి 35 మధ్య సంఖ్య ఉన్న ఆరోగ్యవంతుల ఇళ్లలో ఈ జబ్బు కొత్తగా పుడుతూనే ఉంటుంది, ఏ ప్రభుత్వమూ దాన్ని నరికి పారేయలేదు. పిల్లల్ని కనడమా మానడమా, పిండ దశలోనే పరీక్ష చేయించుకోవడమా అన్నది ఆ దంపతులు ఆలోచించుకోవలసిన విషయం. అక్కడ కూడా తీర్పరి స్థానం ఖాళీగానే ఉండాలి.

మన దగ్గర అసలు చిక్కు పెళ్లి సంబంధాల దగ్గర వస్తుంది. అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలంటారు. క్షయ, మూర్ఛ, కుష్ఠు ఉన్న వంశాల పిల్లను చేసుకోవద్దని మనువు మూడో అధ్యాయంలోనే చెప్పాడు. కాబట్టి రోగం కంటే పుకారుకు ఎక్కువ భయం. ఇంట్లో ఒకరికి కాళ్లూ చేతులూ ఆడటం మొదలైతే పెళ్లీడు పిల్లలు ఉన్న తండ్రి చేసే మొదటి పని, ఆ మనిషిని లోపలి గదిలోకి మార్చడం. మేనరికాలు మానేసి పరాయి సంబంధం చేస్తే చాలునన్న నమ్మకం కూడా ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక చెడ్డ ప్రతి కలిస్తేనే వచ్చే జబ్బులకు ఆ జాగ్రత్త పనికొస్తుంది. ఒక్క ప్రతితోనే వచ్చే హంటింగ్టన్‌కు అది పనికిరాదు. గోత్రం మారినా, జిల్లా మారినా, దేశం మారినా సగం సగమే. పాపం అనే మాట ఆ కుటుంబం నోరు నొక్కేస్తుంది. నోరు మూసుకున్న ఇంట్లో పాతికేళ్ల పిల్ల ఏమీ తెలియకుండా పీటల మీద కూర్చుంటుంది. ఆ మాట ఎంత మెత్తగా అన్నా చేసే నష్టం ఇది.

అయితే అందరూ పరీక్ష చేయించుకుని తీరాలా? ఇక్కడ నా జవాబు, లేదు. 1993కు ముందు సర్వేలలో అడిగినప్పుడు, పరీక్ష వస్తే చేయించుకుంటామని చాలామంది అన్నారు. వచ్చాక, ముప్పు ఉన్నవారిలో చాలా దేశాల్లో నూటికి ఇరవై మంది కూడా ముందుకు రాలేదు. పరీక్షకు దారి వేసినవారిలో ఒకరైన నాన్సీ వెక్స్లర్, తాను చేయించుకున్నదీ లేనిదీ ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. తనకూ జబ్బు వచ్చిందని 2020లో లోకానికి చెప్పారు. నయం చేసే మందు లేని చోట తెలియకపోవడం పిరికితనం అవ్వదు. ఊగులాటను తగ్గించే టెట్రాబెనజిన్ లాంటి మందులు ఉన్నాయి, జబ్బును మాత్రం అవి ఆపవు. అందుకే పరీక్షకు 1994లో అంతర్జాతీయంగా నియమాలు పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్లు నిండాలి, ముందు సలహాదారుతో కూర్చోవాలి, వీలైతే వెంట ఒకరిని తెచ్చుకోవాలి, ఫలితం బల్ల మీదికి వచ్చిన తర్వాత కూడా వద్దని లేచిపోవచ్చు. లేదని ఫలితం వచ్చినవారిలో కూడా కొందరు నిద్రపోలేకపోతారు. తోబుట్టువుకు ఉండి తనకు లేకపోవడం వాళ్లకు అన్యాయంలా తోస్తుంది. ఇక్కడ కూడా పాపం అనే భాష పనికిరాదు. తప్పించుకున్నవాడు పుణ్యాత్ముడేం కాదు.

తెలుసుకోకుండా ఉండే హక్కు వేరు, తెలిసినదాన్ని దాచడం వేరు. ఇంగ్లండులో ఒకాయనకు 2009లో ఈ జబ్బు నిర్ధారణ అయింది. గర్భవతి అయిన కూతురికి చెప్పవద్దని వైద్యులను కోరాడు, ఆమె కలతపడి గర్భం తీయించుకుంటుందేమోనని భయం. బిడ్డ పుట్టాక ఆమెకు సంగతి తెలిసింది, తనకూ జన్యువు ఉందని తర్వాత తేలింది. ఆమె కోర్టుకు వెళ్లింది. 2020లో లండను హైకోర్టు ఆమె దావాను కొట్టేసింది గాని, అలాంటి సందర్భంలో రోగి గోప్యాన్నీ ముప్పు ఉన్న బంధువు ప్రయోజనాన్నీ తూచి చూడవలసిన బాధ్యత వైద్యులకు ఉందని ఒప్పుకుంది. న్యాయమూర్తి తీర్పు ఏదైనా, ఆ తండ్రి చేసిన పని నాకు ప్రేమలా కనబడదు, అధికారంలా కనబడుతుంది. కూతురు మోయవలసిన నిర్ణయాన్ని ఆమెకు తెలియకుండా ఆయనే తీసేసుకున్నాడు. ఆయన ఒంట్లోని జన్యువులో పాపం లేదు. ఉంటే గింటే ఆ మౌనంలో ఉంది.

గుడికి వెళ్లి పూజ చేయించుకునేవారిని, మొక్కుకునేవారిని నేనేమీ అనను, ఆ నలభై ఏళ్ల మనిషికి ఏది నిలబడే బలం ఇస్తే అది చేసుకోనివ్వండి. బెంచీ మీది మేనత్త అన్న మాటలు మాత్రం మళ్లీ ఒకసారి వినండి. "మా అన్నయ్యకీ ఇలాగే, మా నాన్నకీ ఇంతే." డాక్టరుకు స్కానింగు కంటే ముందు కావలసింది అదే. ఎవరికి, ఏ వయసులో, ఎలా మొదలైంది అన్నది ఒక కాగితం మీద మూడు తరాల వరకు రాసుకుని వెళ్లండి. పక్కన ఎవరో అన్న ఆ రెండో మాటను కాగితం మీద రాయవద్దు, ఇంట్లో పిల్లల ముందు అననివ్వనూ వద్దు.